జమ్మలమడుగులో మంచు కొలిచిన సంగతి

మంచు అనేదాన్ని నేను ఈనాటికీ కంటితో చూడలేదు. ఐసుబండి వాడి పెట్టెలో ఉండేది మంచు కింద లెక్కకు రాదట. అయినా ఒక ఎండాకాలం జమ్మలమడుగులో కూర్చుని, ఉత్తరాది కొండల మీది మంచును గడి గడిగా కొలిచాను. ఆ సంగతిని ప్రొద్దుటూరు టీ అంగళ్ళలో ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో నాకే తెలీదు. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేసి చెప్పేవాణ్ణి. ఆ మింగిన ముక్క ఇది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పులివెందుల పక్కన వేములలో పుట్టాను. ఆరో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను గోడకుర్చీ వేయించి, ఆ సంగతి మరిచిపోయి ఇంటికి పోయాడు. నేనూ ఇంటికి పోయాను. మళ్ళీ పోలేదు. ఆయనకు నేను గుర్తొచ్చానో లేదో గాని నాకు బడి గుర్తు రాలేదు. కొన్నాళ్ళు ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి జమ్మలమడుగు దగ్గర ఒక నాపబండల యార్డులో కొలతగాడిగా కుదిరాను.

యార్డులో కొలత అంటే ఇది. గనిలోంచి వచ్చిన బండకు అంచులు తిన్నగా ఉండవు, ఎలుక కొరికిన రొట్టెలా ఉంటాయి. కొలకర్ర పెట్టి ఎన్ని చదరపు అడుగులో చెప్పాలి. అంచున అడుగు నిండని చోట ఏం చెయ్యాలి? మా యజమాని మొదటి రోజే చెప్పాడు: రాయి తాకితే అడుగు. గోరంత తాకినా అడుగే. కొనడానికి వచ్చిన వాళ్ళు ఊరుకుంటారా? "ఏందప్పా, ఈ కోసకు గూడా అడుగు వేస్తాండావు?" అని ఎగిరేవాళ్ళు. అప్పుడు నేను, "తాకినాక తాకలేదంటే రాయికి రోషమొస్తాది మామా, రేపు నీ ఇంట్లో కాలికి తగులుకుంటాది" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వే మనిషి అంచు చూడడు. యజమాని నన్ను ఉంచుకున్నది కొలత తెలిసినందుకు కాదు, ఆ నవ్వు కోసం. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి గర్వపడేవాణ్ణి.

రాళ్ళకు నిజంగానే రోషం ఉందేమో, ఒకనాడు ఒక బండ జారి నా కుడికాలి మీద పడింది. రెండు వేళ్ళు నలిగి, మిషన్ ఆసుపత్రిలో పడ్డాను. పక్క మంచంలో ఒక సారు. ఆయనకు ముప్పై ఏళ్ళు ఉంటాయి. కాలికి కట్టు కట్టి, కప్పీ మీదుగా తాడు వేసి, తాడుకు బరువు వేలాడదీశారు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూడడం తప్ప మరో పని లేదు. ఆయన తల్లి మిషన్ బడిలో పనిచేసి మానుకున్న టీచరమ్మ. రోజూ గిన్నెలో సంగటి, చట్నీ తెచ్చి ఇద్దరికీ పెట్టేది. "నీకెవరూ లేరా నాయనా ఈడ?" అని అడిగి, జవాబు వినకుండానే నా ముద్ద పెద్దది చేసేది.

సారుది ఉత్తరాదిలో నదుల నీళ్ళు లెక్కగట్టే ఆఫీసులో పని. కొండ మీద మంచు లోతు చూడబోయి జారి తొడ ఎముక విరిగిందట. అక్కడ కట్టిన కట్టులో ఎముక వంకరగా అతుక్కుంది. సెలవు పెట్టించి తల్లి ఇక్కడికి తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం వార్డంతా కుంపటిలా ఉంది. సారు రెండు చేతులతో ఒక పెద్ద కాగితాన్ని ముఖానికి పైగా ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. రెండు నిమిషాలకోసారి దించి మళ్ళీ ఎత్తుతున్నాడు.

"ఏం సారూ, కాగితం అడ్డం పెట్టుకుంటే ఎండ తగ్గుతాదా?"

"తగ్గదు గాని, దీంట్లో మంచు ఉండాదప్పా. చూడు."

చూశాను. నలుపూ తెలుపూ ఫొటో. "ఇదేంది సారూ, సున్నం కొట్టిన గోడకు చెమ్మ పట్టినట్టుండాది?"

"అది కొండల వరస. తెల్లగా ఉండేదంతా మంచు. ఉపగ్రహం తీసిన ఫొటో."

"ఉపగ్రహమంటే, శనిగ్రహం మాదిరా?"

"శని నన్ను ముందే పట్టినాడులే. ఇది ఆయన్ను వదిలించేది."

వార్డులో నాకు సమానంగా మాట విసిరినవాడు ఆయన ఒక్కడే. ఆ దెబ్బతో మేమిద్దరం జతగాళ్ళమైపోయాం.

ఆ ఫొటో మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసి ఉంది. ఆ గీత లోపల కరిగిన ప్రతి చుక్కా ఒకే నదిలోకి పోతుందట. ఎండాకాలం మొదట్లో గీత లోపల ఎంత తెలుపుందో కొలిస్తే, ఆ ఎండాకాలమంతా నదిలో ఎన్ని నీళ్ళు వస్తాయో ముందే చెప్పొచ్చు. అంతకు ముందు సంవత్సరాల ఫొటోలు సారే కొలిచాడు. వచ్చిన నీళ్ళ లెక్క పక్కన పెట్టి గ్రాఫు కాగితం మీద చుక్కలు వేస్తే అన్నీ ఇంచుమించు ఒకే గీత మీద కూర్చున్నాయి. ఆ కాగితం నాకు చూపించినప్పుడు, కొడుకు మార్కులు చూపించే తండ్రిలా ఉన్నాడు.

"ఈ సంవత్సరం లెక్క నేను పంపాల. అది నదితో సరిపోవాల. కొండ ఎక్కలేనోనికి మా ఆఫీసులో కుర్చీ యాందుకని అంటాండారు. ఎక్కాల్సిన పనే లేదు, ఫొటో చూసి చెప్పొచ్చని నేనంటాండా. సరిపోతే నా కుర్చీ నాకుంటాది. లేకుంటే ఈ కాలుతో ఇంగేం చేసేది?"

"మరి కొలిచెయ్ సారూ."

"ఎట్ల కొలిచేదప్పా? వంగలేను, పొర్లలేను. పైకెత్తి పట్టుకుంటే చేతులు నిలబడవు."

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. "బండలు చూసి కంటితోనే అడుగులు చెప్పేవాణ్ణి సారూ నేను. నీ మంచు నాకొక లెక్కా?" అన్నాను. అని, వార్డు గచ్చు ఎన్ని చదరపు అడుగులో అక్కడికక్కడే చెప్పాను. ఆయన మంచం మీద నుంచే తల తిప్పి లెక్క చూసుకుని, నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బడిలో ఏ అయ్యవారూ నన్నలా చూడలేదు.

పని ఇది. ఎర్ర గీత లోపలి భాగాన్ని పెద్దది చేసి ఐదు ముక్కలుగా ఆఫీసు వాళ్ళు పంపారు. ఒక్కో ఫొటో మీద సన్నటి గళ్ళున్న పల్చని కాగితం పరిచి, భూతద్దంతో చూస్తూ, మంచున్న గడిలో ఎర్రసిరా చుక్క పెట్టాలి. చివరికి చుక్కలు లెక్కబెట్టాలి. సారు మూడుసార్లు చెప్పాడు:

"అంచుల కాడ జాగ్రత్తప్పా. గడిలో సగానికి ఎక్కువ తెలుపుంటే చుక్క పెట్టు. తక్కువుంటే వదిలెయ్. సరిగ్గా సగమనిపిస్తే ఒకటి తీసుకో, ఒకటి వదులు. నేనూ ముందు సంవత్సరాలు ఇట్లనే చేసినా. రెండు చేతులు ఒకే మాదిరి పోవాల."

మొదటి ముక్క ఆయన పక్కనే కూర్చుని చేశాను. ఆయన పైకెత్తి పట్టుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా చూసి, "బాగుండాది" అన్నాడు. ఆ ఒక్క ముక్కే బాగుంది.

తర్వాత నన్ను ఇంటికి పంపించారు. పగలు యార్డులో బండలు, సాయంత్రం ఆసుపత్రి వరండాలో మంచు. రోజంతా "రాయి తాకితే అడుగు" అని పాడిన చెయ్యి, సాయంత్రానికి వేరే పాట నేర్చుకుంటుందా? రెండో ముక్క అలాగే జరిగిపోయింది. అది నిజంగా తెలియకుండా జరిగిందే. అంతవరకు నన్ను ఎవరైనా క్షమించవచ్చు.

మూడో ముక్క సగంలో ఉండగా ఒక గడి దగ్గర ఆగాను. గడి మూలన గోటి అంచంత తెలుపు. మిగతాదంతా నలుపు. మధ్యలో నా ఎర్రచుక్క, పెళ్ళికూతురి బొట్టులాగ. ఎవరు పెట్టారిది? వెనక్కి తిరిగి రెండో ముక్క చూశాను. అంచు పొడుగునా అవే బొట్లు. బండకు నాలుగంచులే గదా, అంచు మోసం కొంచెమే. మంచు అట్లా కాదు. ప్రతి లోయలోకి ఒక వేలు చాపుకొని ఉంటుంది, ఆ వేళ్ళకు మళ్ళీ వేళ్ళు. అంచులు తప్ప మరేమీ లేని బండ అది.

సరిదిద్దాలంటే కొత్త కాగితాలు పరిచి మొదటి నుంచీ చెయ్యాలి. రెండు మూడు సాయంత్రాల పని. అంతే. కాని ఆ సాయంత్రం ప్రొద్దుటూరు టీ అంగట్లో నా జతగాళ్ళ గుంపు నాకోసం కాచుకుని ఉంది. "మంచు సారొచ్చె, శాలువా కప్పండ్రా" అని ఎండాకాలంలో వాళ్ళు నాకు గొర్రెబొచ్చు కంబడి కప్పేవాళ్ళు. నేను వణికినట్టు నటించేవాణ్ణి. టీ అంగడంతా విరగబడి నవ్వేది. బస్సుకు టైమైంది. కాగితాలు చుట్టి, మందులపెట్టె మీద పెట్టి బయలుదేరాను.

"ఏమప్పా, అంచులు ఎట్ల చేస్తాండావు?" అని అడిగాడు సారు, పైకప్పు వైపు చూస్తూనే.

"నువ్వు చెప్పినట్టే సారూ. సగానికి ఎక్కువుంటే చుక్క, తక్కువుంటే సున్న."

"నీ మాదిరి కన్ను మా ఆఫీసులో ఎవురికీ లేదప్పా."

ఆ మాట విని బస్సెక్కాను. ఆ రోజు కంబడి కింద నిజంగానే వణికాను. అదీ నటనే అనుకుని ఎక్కువ నవ్వారు.

నాలుగో ముక్క, ఐదో ముక్క ఏ లెక్కన చెయ్యాలి? సరిగ్గా చేస్తే రెండు, మూడు ముక్కలకూ వీటికీ తేడా కనబడి సారు పట్టేస్తాడు. అందుకని తెలిసే, కావాలనే, తాకిన ప్రతి గడిలో చుక్క పెట్టాను. ఒకే మాదిరి పోవాలన్నాడు గదా. పోనిచ్చాను.

మొత్తం లెక్క చెప్పినప్పుడు సారు కాగితం మీద కొత్త చుక్క వేయించాడు. నా చేతనే వేయించాడు. పాత చుక్కలన్నిటికంటే పైన పడింది. "ఈ సంవత్సరం దండిగా మంచు పడిండాది. నది నిండుగా వస్తాది" అన్నాడు. టీచరమ్మ వార్డులోనే కండ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. మరునాడు బెల్లం పాయసం తెచ్చి మొదట నాకు పోసింది. తాగాను. బాగుందని ఇంకో గ్లాసు అడిగి తాగాను. లెక్క రిజిస్టరు పోస్టులో ఉత్తరాదికి పోయింది.

వానాకాలం పోయాక ఒకరోజు టీచరమ్మ యార్డుకు వచ్చింది. సారు అప్పటికి చంకకర్ర మీద ఇంట్లో తిరుగుతున్నాడు. ఆమె చేతిలో ఒక కవరు. బండల మధ్య నిలబడి, నీడలోకి రమ్మన్నా రాలేదు.

"ఆ నదిలో వాడు చెప్పినన్ని నీళ్ళు రాలేదంట నాయనా. శానా తక్కువ వచ్చినాయంట. ఫొటోల లెక్క నమ్మేదానికి లేదని రాసినారు. వాని పని గూడా ఇంగ లేదని రాసినారు."

ఆ క్షణాన నోరు తెరిస్తే సరిపోయేది. తెరిచాను. ఏమన్నానంటే: "ఎండకు మంచు నదిలోకి దిగకుండా ఆడనే ఆవిరై పోయిండాదేమో టీచరమ్మా, మన జమ్మలమడుగు ఎండ ఆడికి గూడా పోయిండాదేమో."

రాయి దింపుతున్న కూలీలు నవ్వారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "వాడు అన్నం తినడం లేదు. నీతో మాట్లాడితే నవ్వుతాడని వచ్చినా. ఒకసారి ఇంటికి రా నాయనా" అంది.

నేను పోలేదు. ఒకనాడు బస్సులో కూర్చుని, ఆమెను వాళ్ళ వీధి మొదట్లో చూసి, సీటు కిందికి వంగి చెప్పు సరిచేసుకున్నాను. వీధి దాటేదాకా సరిచేసుకుంటూనే ఉన్నాను. కొన్నాళ్ళకు వాళ్ళు పులివెందులకు పోయారనీ, సారు అక్కడ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాడనీ విన్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట రాయడానికి చెయ్యి వెనక్కి లాగుతోంది గాని, అనుకున్నాను.

రెండేండ్ల తర్వాత యజమాని ఒక లారీ బండలు పులివెందులకు పంపాడు. ఎవరో కొత్త గదికి గచ్చు వేయించుకుంటున్నారు, కొలిచి దింపి రమ్మన్నాడు. లారీ ఆగాక చూస్తే, గోడకు నల్లబల్ల, గడపలో చంకకర్ర, దాని పక్కన సారు.

"ఏమప్పా మంచు మామా!" అని ముఖం విప్పి పిలిచాడు. లోపలి నుంచి టీచరమ్మ, "వాడేనా? రమ్మను, రమ్మను" అంది. నేను చెయ్యి ఊపి, శానా పని ఉన్నట్టు లారీ ఎక్కాను. బండ దింపుతూ ఉంటే కొలకర్ర పెట్టి ఎన్ని అడుగులో అరవసాగాను. మూడో బండకు "పద్నాలుగు" అన్నాను.

సారు కుంటుకుంటూ వచ్చి బండ పక్కన నిలబడ్డాడు. "పద్నాలుగా? ఏదీ, మళ్ళా కొలువు. ఈ కోసన సగం అడుగు గూడా లేదే?"

ఆలోచించి అనలేదు. వేలసార్లు అన్న మాట, దానంతటదే వచ్చేసింది. "రాయి తాకితే అడుగు సారూ. తాకినాక తాకలేదంటే రాయికి రోషమొస్తాది."

కూలీలు అలవాటుగా నవ్వారు. సారు నవ్వలేదు. బండ అంచునే చూస్తున్నాడు. చంకకర్ర కొనతో ఆ అంచు మీద మెల్లగా గీసుకుంటూ పోయాడు, ఈ చివర నుంచి ఆ చివరకు. తర్వాత తలెత్తాడు.

"మంచు గూడా తాకితే అడుగేనాప్పా?"

  లారీ మీద నిలబడి, కొలకర్ర పట్టుకుని, "ఊ" అన్నాను.

"ఐదు ముక్కలా?"

"మొదటిది కాదు. తక్కిన నాలుగు. మూడోది సగంలో ఉండగా నాకు తెలిసింది."

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. "దిగు" అన్నాడు. లోపలికి పోయి ఒక రేకుపెట్టె తెరిచాడు. ఫొటోలు, నా ఎర్రచుక్కల కాగితాలు, చుక్కల గీతల కాగితం, అన్నీ తుడిచి మడత పెట్టినట్టు ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టాడు. నేను అంచు గడి చూపించాలి, ఆయన భూతద్దంతో చూసి ఉంచాలో కొట్టాలో చెప్పాలి. ఆ రోజు సాయంత్రం దాకా, మరునాడు మధ్యాహ్నం దాకా చేశాం. "తీసెయ్. తీసెయ్. ఉంచు. తీసెయ్." ఆ రెండు రోజులూ నాతో ఆయన మాట్లాడినవి ఆ రెండు మాటలే. గోడకుర్చీ అయినా ఇంతకంటే తేలిక.

చివరికి కొత్త మొత్తం వచ్చింది. సారు పాత కాగితం మీద, ఆ సంవత్సరం నదిలో నిజంగా వచ్చిన నీళ్ళకు ఎదురుగా పెన్సిలు పెట్టాడు. చుక్క గీత మీదికి దిగి కూర్చుంది. పూర్తిగా మీద కాదు, ఒక వెంట్రుక పక్కకు, తక్కిన సంవత్సరాల చుక్కల మాదిరే.

ఆయన నవ్వాడు. పెద్దగా, వార్డులో నా జోకులకు నవ్వినదానికంటే పెద్దగా. "అమ్మా! పద్ధతి తప్పు గాదమ్మా! ఫొటో తప్పు గాదు! నేను సరిగ్గానే చెప్పినా!" అని అరిచాడు. నా భుజం పట్టుకుని ఊపాడు. నన్ను! తప్పు చేసినవాణ్ణి నేను అక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయాడు.

టీచరమ్మ మరిచిపోలేదు. గడపలో నిలబడి కొడుకునూ కాగితాన్నీ చూసి, నా వైపు తిరిగింది. "రెండేండ్లు వాడు వాని కండ్లనే అనుమానించుకున్యాడు నాయనా. పిల్లల నోటుపుస్తకం దిద్దితే గూడా రెండుసార్లు చూసుకుంటాండె" అంది. అంతే అంది. అని, సంగటికి ఎసరు పెట్టడానికి పోయింది. ఆ పూట కూడా నా ముద్ద పెద్దదే. మింగలేక మింగాను.

ఆఫీసుకు రాయాలన్నాడు సారు. పనికోసం కాదట, వాళ్ళ దగ్గర తప్పు అంకె ఉండిపోకూడదట. లెక్క ఎందుకు మారిందో కారణం కావాలి గనుక, లెక్కబెట్టినవాడే తన చేతితో రాయాలి. ఆరో తరగతి చేతిరాతతో, అర ఠావు కాగితం మీద తెలుగులో రాశాను. నేను ఫలానా పని చేసేవాణ్ణి, అంచు గళ్ళను యార్డు అలవాటు ప్రకారం తెలియక ఎక్కువ లెక్కబెట్టాను, అందువల్ల తప్పు నాది, సారుది కాదు.

సారు చదివాడు. ఒక మాట మీద వేలు పెట్టి ఆపాడు. "తెలియక" అన్న మాట మీద.

"రెండో ముక్కకు సరే. మూడో ముక్క సగం నుంచి?"

నేను కాగితాన్ని నా వైపు లాక్కోబోయాను.

"మరి ఈ మాట గడిలో సగం నిండిందాప్పా?"

కోపంగా అడగలేదు. వార్డులో అంచు గడి గురించి అడిగినట్టే అడిగాడు. పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశాను. దాని మీద రెండుసార్లు గీశాను, కనబడకుండా.

అక్కడి వాళ్ళకు తెలుగు రాదు గనుక సారు దాని కిందనే ఇంగ్లీషులో రాశాడు. కవరు అంటించి నేనే పోస్టుపెట్టెలో వేశాను. అందిందని ఒక్క ముక్క జవాబు వచ్చింది. సారుకు కుర్చీ రాలేదు. పులివెందుల పిల్లలకు లెక్కలు చెబుతూనే ఉండిపోయాడు.

నాకు ఇంగ్లీషు రాదు. కవరు పట్టుకుని పోస్టుపెట్టె దాకా నడుస్తున్నప్పుడు, నేను కొట్టేసిన మాటను ఆయన ఇంగ్లీషులో జాలిపడి మళ్ళీ చేర్చి ఉంటే బాగుండునని అనుకున్నాను. చేర్చి ఉండడు. ఆయన లెక్క తెలిసినవాడు. అయినా ఆ నాలుగడుగుల దూరంలో నేను కోరుకున్నది అదే.